పనిగంటలు మారితే వైద్య హక్కు మారాలా?

దేశంలో 29 పాత కార్మిక చట్టాల స్థానంలో రూపొందిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. అప్పటినుంచి చర్చ ప్రధానంగా పనిగంటల చుట్టూనే సాగుతోంది. అంతకు కొన్ని నెలల ముందే తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకునేందుకు అనుమతిస్తూ, వారానికి 48 గంటల హద్దును నిలిపి ఉంచింది. కర్మాగారాలలో గరిష్ఠ పనివేళను 9 నుంచి 10 గంటలకు పెంచే ప్రతిపాదనను ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదించింది. వారంలో నాలుగు రోజులు, రోజుకు 12 గంటల చొప్పున పని అనే ఆలోచన కూడా ప్రచారంలోకి వచ్చింది. అయితే ఈ చర్చలో అంతగా వినిపించని ప్రశ్న ఒకటుంది. పనివేళలు మారినప్పుడు, వాటితో ముడిపడిన వైద్య భద్రత ఏమవుతుంది?

ఈ ప్రశ్న ప్రాధాన్యం అర్థం కావాలంటే పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి పట్టణాన్ని పరిశీలించాలి. రైల్వే పట్టణానికీ, హిజ్లీ వద్ద 1951లో నెలకొల్పిన ఐఐటీ ప్రాంగణానికీ మధ్య దారిలో పూరీ గేట్ ఉంది. అటు రైల్వే, ఇటు ఉన్నత విద్యాసంస్థ, వాటి చుట్టూ పెరిగిన దుకాణాలు, భోజనశాలలు, నిర్మాణ పనులు ఇక్కడి జీవనాధారాలు. ఇలాంటి చోట ఒకే వీధిలో నివసించే ముగ్గురికి మూడు రకాల వైద్య భద్రత ఉండటం సహజం. శాశ్వత రైల్వే ఉద్యోగికి, అతని కుటుంబానికి రైల్వే ఆసుపత్రి ఉంటుంది. కాంట్రాక్టర్ కింద పనిచేసే వ్యక్తికి, నిబంధనలు సక్రమంగా అమలైతే, ఉద్యోగుల రాజ్య బీమా అంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. రోజుకూలీకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య కార్డు తప్ప మరో దిక్కు లేదు. ఒకే మనిషి తన జీవితకాలంలో ఈ మూడు అంచెలలోనూ ఎక్కుతూ దిగుతూ ఉండవచ్చు. ఇబ్బంది ఎదురయ్యేది ఆ ఎక్కిదిగే సమయంలోనే.

రైల్వే పట్టణం నేర్పిన పాఠం

పనిదినాల లెక్కతో వైద్య హక్కు ముడిపడటం ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడ వర్క్‌షాపు వెలసింది. తూర్పు తీర రైలుమార్గం ఏర్పడిన తరువాత గంజాం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు పనికోసం ఇక్కడికి తరలివచ్చాయి. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వారిలో బరంపురంలో జన్మించిన వరాహగిరి వెంకటగిరి ముఖ్యులు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన ఆయన, 1952 నుంచి 1954 వరకు కేంద్ర కార్మిక శాఖ మంత్రిగా ఉన్నారు. 1948 నాటి చట్టం ప్రకారం ఈఎస్‌ఐ పథకం అమలు మొదలైనది 1952 ఫిబ్రవరిలోనే. అంటే ఖరగ్‌పూర్ కార్మికుల కష్టసుఖాలు దగ్గరగా చూసిన నాయకుడు, ఆ పథకం తొలి అడుగులు వేస్తున్న రోజులలో ఆ శాఖను నిర్వహించారన్నమాట.

రైల్వేలో క్యాజువల్ కార్మికుల చరిత్ర ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించదగింది. నడుస్తున్న రైలుమార్గాల పనులలో విరామం లేకుండా 120 రోజులు పూర్తిచేసిన క్యాజువల్ కార్మికుడికి తాత్కాలిక ఉద్యోగి హోదా లభించేది. ఆ హోదాతో పాటే వైద్య సదుపాయం, సెలవులు వంటి హక్కులు వచ్చేవి. నిర్మాణ ప్రాజెక్టులలో పనిచేసేవారికి మాత్రం ఆ రక్షణ చాలాకాలం అందలేదు. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు జోక్యంతో, 360 రోజుల సేవ పూర్తిచేసిన ప్రాజెక్టు కార్మికులకు తాత్కాలిక హోదా కల్పించే పథకం రూపుదిద్దుకుంది.

ఈ నిబంధన కార్మికులకు మేలు చేసిందనడంలో సందేహం లేదు. కానీ అందులో ఒక బలహీనత కూడా దాగి ఉంది. హక్కు 120వ రోజున పుడుతుందంటే, 119వ రోజున పని ఆపించగలిగినవారి చేతిలోనే ఆ హక్కు తాళంచెవి ఉన్నట్టు. మస్టర్‌లో పడే ఒక్క గీత మనిషి హోదాను మాత్రమే కాక, ఇంట్లో జబ్బుపడిన పిల్లవాడికి ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నదాన్ని కూడా నిర్ణయిస్తుంది. నేడు అదే బలహీనత వేరే అంకెలతో, వేరే పథకాలలో కనిపిస్తోంది.

78 రోజుల లెక్క

ఈఎస్‌ఐ నిబంధనలలో చాలాకాలంగా ఉన్న లెక్కను పరిశీలిస్తే విషయం స్పష్టమవుతుంది. ఈ పథకంలో ఏడాదికి రెండు చందా కాలాలు ఉంటాయి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు కట్టిన చందాకు ప్రతిఫలం మరుసటి జనవరి నుంచి జూన్ వరకు అందుతుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు వరకు. 2019 జూలై నుంచి వేతనంలో యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లిస్తున్నారు. కార్మికుడు బీమా వర్తించే ఉద్యోగంలో చేరిన నాటి నుంచే అతనికీ, కుటుంబానికీ వైద్యం అందుతుంది. ఒక చందా కాలంలో కనీసం 78 రోజుల చందా జమ అయితే, ఆ తరువాత ఉద్యోగం పోయినా సంబంధిత ప్రయోజన కాలం ముగిసే వరకు వైద్య సదుపాయం నిలుస్తుంది. జబ్బుచేసి పనికి వెళ్లలేని రోజులకు సగటు దినవేతనంలో 70 శాతాన్ని, ఏడాదిలో గరిష్ఠంగా 91 రోజులపాటు నగదుగా చెల్లిస్తారు. ఈ నగదు సహాయానికి కూడా 78 రోజుల చందాయే అర్హత.

ఆరు నెలల్లో 78 రోజులంటే నెలకు 13 రోజులు. నిత్యం పని దొరికేవారికి ఇది పెద్ద షరతు కాదు. నెలకు 26 రోజుల చొప్పున పనిచేసే వ్యక్తి మూడు నెలలలోనే దీన్ని పూర్తిచేస్తాడు. పని పలచబడినప్పుడే చిక్కు. నెలకు 12 రోజులే పని దొరికిందనుకుందాం. ఆరు నెలలకు 72 రోజులవుతాయి. తక్కువపడినది ఆరు రోజులే. కానీ ఆ ఆరు రోజుల తేడాతో మొత్తం నగదు సహాయానికి అర్హత పోతుంది. రోజుకు 500 రూపాయల కూలి లెక్కన చూస్తే, 91 రోజులకు అందవలసిన 31,850 రూపాయలలో ఒక్క రూపాయి కూడా చేతికి రాదు. 72 రోజులకు కట్టిన చందా మాత్రం తిరిగి రాదు.

ఇక్కడ మరో సూక్ష్మమైన అంశం ఉంది. ఈ నిబంధన లెక్కించేది రోజులను, గంటలను కాదు. ఒక కార్మికుడు వారానికి 36 గంటలు పనిచేస్తాడనుకుందాం. రోజుకు 6 గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే, 26 వారాలలో 156 రోజులు జమ అవుతాయి. అవే 36 గంటలను రోజుకు 12 గంటల చొప్పున మూడు రోజులలో పూర్తిచేయిస్తే, 26 వారాలకు సరిగ్గా 78 రోజులు. శ్రమ అంతే, గంటలు అంతే, వాటికి చెల్లించే కూలి కూడా అంతే కావచ్చు. కానీ మొదటి కార్మికుడు నెలల తరబడి పని మానినా అర్హత కోల్పోడు. రెండో కార్మికుడు జ్వరం వచ్చి ఒకటి రెండు రోజులు మానితే చాలు, హద్దుకు దిగువన పడే ప్రమాదం ఉంది. పని లేని మిగతా రోజులకు కూడా వేతనం చెల్లించే సంస్థలలో ఈ సమస్య తలెత్తదు. వచ్చిన రోజుకే కూలి లభించే కాంట్రాక్టు పనులలో మాత్రం ఇది నిజమైన ముప్పు. పనిగంటలను తక్కువ రోజులలోకి కుదించే ఏ ఏర్పాటైనా, రోజుల లెక్కతో నడిచే బీమాను తనకు తెలియకుండానే బలహీనపరుస్తుంది.

పనిగంటలు పెరిగినప్పుడు నిబంధన కాస్త ఉదారంగానే ఉంది. 2017 జనవరి 1 నుంచి అమలైన నెలకు 21,000 రూపాయల వేతన పరిమితిని లెక్కించేటప్పుడు ఓవర్‌టైమ్ చెల్లింపులను కలపరు. చందా మాత్రం ఆ మొత్తంపైనా వసూలు చేస్తారు. కాబట్టి అదనపు గంటలు పనిచేసినందువల్ల కార్మికుడు పథకం నుంచి బయటపడడు. మూలవేతనం పెరిగి పరిమితి దాటితే మాత్రం, నడుస్తున్న చందా కాలం ముగిసిన తరువాత రక్షణ ఆగిపోతుంది. అంటే గంటలు పెరగడాన్ని ముందే ఊహించి జాగ్రత్తపడిన చట్టం, రోజులు తగ్గడాన్ని అదే శ్రద్ధతో ఆలోచించలేదు.

రెండు రాష్ట్రాల నడుమ

ఈఎస్‌ఐ నుంచి జారిపడిన వ్యక్తిని పట్టుకునే రెండో వల ప్రభుత్వ ఆరోగ్య పథకాలు. తెలుగు నేలకు ఈ విషయంలో ఘనమైన చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైంది. వలసలు ఎక్కువగా ఉన్న జిల్లాలతోనే ఆ పథకం మొదలవడం గమనార్హం. పశ్చిమ బెంగాల్ 2016 డిసెంబరులో స్వాస్థ్య సాథీని ప్రారంభించి, 2020 డిసెంబరులో మరో ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించని కుటుంబాలన్నింటికీ విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ కల్పించే ఈ కార్డును ఇంటి మహిళ పేరిట ఇస్తారు. కేంద్రం 2018 సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకం కూడా 5 లక్షల రక్షణనిస్తుంది. ఒక రాష్ట్రపు లబ్ధిదారు మరో రాష్ట్రంలో చికిత్స పొందే వెసులుబాటు అందులో ఉన్నా, అది పథకంలో చేరిన రాష్ట్రాలకే పరిమితం. పశ్చిమ బెంగాల్ 2019 జనవరిలో ఆ పథకం నుంచి వైదొలగింది. ఒడిశా 2025 జనవరిలో అందులో చేరేందుకు ఒప్పందం కుదుర్చుకుంది.

ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి బెంగాల్ చిరునామా, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఉంటాయి గనుక రాష్ట్ర పథకం వారికి అందుబాటులోనే ఉంటుంది. ఆరు నెలలకో ఏడాదికో పనికోసం వచ్చి తిరిగి వెళ్లేవారి పరిస్థితి అలా కాదు. సొంతూరి కార్డు ఇక్కడి ఆసుపత్రిలో చెల్లకపోవచ్చు. ఇక్కడి కార్డు పొందడానికి స్థిరనివాసం చూపాలి. రెంటికీ చెడ్డ రేవడి అన్నట్టుగా, పెద్ద జబ్బు వస్తే రైలెక్కి స్వస్థలానికి చేరుకోవడమే వారికి మిగిలే మార్గం. అలా వెళ్లిన రోజులలో పని ఉండదు, చందా ఉండదు, ఈఎస్‌ఐ లెక్క మరింత తగ్గుతుంది. పశ్చిమ బెంగాల్‌లో ఈఎస్‌ఐ ఆసుపత్రులలో అధికభాగం హుగ్లీ తీరపు పాత పారిశ్రామిక ప్రాంతంలో ఉన్నాయన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అర్హత ఉన్నా దూరం మరో అడ్డంకి. 2022 నాటికి రేషన్ కార్డు దేశమంతటా చెల్లుబాటయ్యేలా ఏర్పాటు పూర్తయింది. వలస కార్మికుడి బియ్యం అతని వెంట ప్రయాణించగలుగుతున్నప్పుడు, వైద్యం మాత్రం ఊరి పొలిమేరలోనే ఆగిపోవడం సమంజసం కాదు.

విదేశాలలో మూడు మార్గాలు

సొంత దేశంలో రాష్ట్రం మారితేనే ఇన్ని చిక్కులుంటే, దేశం దాటిన తాత్కాలిక ఉద్యోగుల పరిస్థితి సహజంగానే మరింత సున్నితం. తెలుగు యువత పెద్దసంఖ్యలో వెళ్తున్న దేశాలలో ఈ సమస్యకు వేర్వేరు పరిష్కారాలు ఉన్నాయి.

కెనడాలో ఆరోగ్య బీమాను రాష్ట్రాలే నిర్వహిస్తాయి. ఒంటారియోలో తాత్కాలిక విదేశీ ఉద్యోగి ప్రభుత్వ ఆరోగ్య బీమా పొందాలంటే, చెల్లుబాటయ్యే వర్క్ పర్మిట్‌తో పాటు అక్కడి యజమాని వద్ద కనీసం ఆరు నెలలు పూర్తికాల ఉద్యోగం చేస్తూ ఉండాలి. కొత్తగా వచ్చేవారికి గతంలో ఉన్న మూడు నెలల నిరీక్షణను 2020 మార్చిలో తొలగించారు. పూర్తికాల ఉద్యోగమనే షరతు మాత్రం ముఖ్యమైనదిగానే ఉంది. వ్యాపారం మందగించి యజమాని పనిగంటలు తగ్గిస్తే, ఆ ఉద్యోగి దరఖాస్తు చేసేటప్పుడు గానీ, కార్డు పొడిగించుకునేటప్పుడు గానీ తాను పూర్తికాల ఉద్యోగినని చూపడం కష్టమవుతుంది. భార్యాపిల్లల అర్హత కూడా ఆ ఉద్యోగి అర్హతపైనే ఆధారపడుతుంది. ఇక్కడ పనిగంటలే ద్వారపాలకులు.

బ్రిటన్‌ది మరో పద్ధతి. ఆరు నెలలకు మించి ఉండేందుకు వీసా కోరే చాలామంది ముందుగానే ఆరోగ్య సర్‌ఛార్జీ చెల్లించాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవారికి ఇది ఏడాదికి 1,035 పౌండ్లు. రుసుము భారమే. కానీ ఒకసారి చెల్లించాక, వీసా అమల్లో ఉన్నంతవరకు పనిగంటలు తగ్గాయన్న కారణంతో ఆసుపత్రి తలుపు మూసుకోదు. గల్ఫ్‌లో యూఏఈ 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు ఉద్యోగులకు యజమానులు ఆరోగ్య బీమా కల్పించడాన్ని నివాస అనుమతికి షరతు చేసింది. అక్కడ రక్షణ గంటలతో కాక, యజమానితో ముడిపడింది. ఉద్యోగం పోతే బీమా కూడా ప్రశ్నార్థకమే.

మూడో మార్గం జపాన్‌ది. అక్కడ 51 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో వారానికి 20 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారు, వేతనం వంటి ఇతర షరతులకు లోబడి, ఉద్యోగుల ఆరోగ్య బీమాలో చేరతారు. సంస్థల పరిమాణానికి సంబంధించిన ఈ హద్దు 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. గంటలు తగ్గి ఆ బీమాకు అర్హత పోయినవారు స్థానిక పురపాలక సంస్థ నిర్వహించే జాతీయ ఆరోగ్య బీమాలో నమోదు కావాలి. మూడు నెలలకు మించి నివసించే విదేశీయులకూ ఇదే వర్తిస్తుంది. ఒక గడప దాటితే మరో గడప తప్పనిసరిగా ఉంటుంది. మధ్యలో వీధిన పడే పరిస్థితి చట్టం దృష్టిలో లేదు.

ఏం చేయవచ్చు?

చందాలతో నడిచే బీమాకు ఏదో ఒక అర్హతా ప్రమాణం ఉండాలన్న వాదనలో న్యాయముంది. జబ్బు వచ్చాక ఒక్కరోజు ఉద్యోగంలో చేరి ప్రయోజనం పొందే వీలుంటే నిధి నిలవదు. క్రమం తప్పక చందా కట్టేవారికి అన్యాయం జరుగుతుంది. కాబట్టి హద్దు ఉండాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. ఆ హద్దును ఎలా కొలవాలి, దానికి దిగువన పడినవారిని ఎవరు పట్టుకోవాలి అన్నవే ప్రశ్నలు.

మొదటిదానికి సమాధానం కొత్త నిబంధనలలోనే లీలగా కనిపిస్తోంది. గిగ్ కార్మికుల సామాజిక భద్రతకు 2025 డిసెంబరు చివర వెలువడిన ముసాయిదా నిబంధనలు, ఏడాదిలో ఒకే సంస్థకు 90 రోజులు గానీ, ఒకటికి మించిన సంస్థలకు కలిపి 120 రోజులు గానీ పనిచేసినవారిని అర్హులుగా ప్రతిపాదించాయి. ఒకేరోజు మూడు సంస్థలకు పనిచేస్తే మూడు రోజులుగా లెక్కించాలన్నాయి. పనిదినాన్ని మారిన కాలానికి అనుగుణంగా నిర్వచించవచ్చని ప్రభుత్వమే అంగీకరించినట్టయింది. అదే దృష్టిని ఈఎస్‌ఐకి కూడా వర్తింపజేసి, 12 గంటల పనిని ఒకటిన్నర రోజుగా లెక్కించవచ్చు. లేదా ఆరు నెలలకు బదులు ఏడాది సగటును ప్రమాణంగా తీసుకోవచ్చు. పని పలచబడిన నెలలను పని దండిగా ఉన్న నెలలు ఆదుకుంటాయి.

రెండోదానికి జపాన్ అనుభవం దారి చూపుతుంది. ఒక కార్మికుడి చందా ఆగిపోయిందన్న సమాచారం ఈఎస్‌ఐ సంస్థకు అందరికంటే ముందు తెలుస్తుంది. ఆ క్షణమే అతని కుటుంబం, పనిచేస్తున్న రాష్ట్రంలోని ఆరోగ్య పథకంలో చేరేలా వ్యవస్థలను అనుసంధానించడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. వలస కార్మికుల నిర్వచనాన్ని కొత్త కోడ్ విస్తృతం చేసి, కాంట్రాక్టర్ ద్వారా కాక సొంతంగా వచ్చినవారిని కూడా అందులో చేర్చింది. ఆ నిర్వచనానికి వైద్య రక్షణ తోడైతేనే ప్రయోజనం. ఇందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య రాజకీయ అంగీకారం అవసరం.

ఈలోగా కార్మికుల స్థాయిలో పాటించవలసిన జాగ్రత్తలూ ఉన్నాయి. ఈఎస్‌ఐ బీమా సంఖ్య ఒక మనిషికి ఒకటే. కాంట్రాక్టర్ మారినా పాత సంఖ్యనే కొనసాగించాలి. కొత్త సంఖ్య తీసుకుంటే పాత రోజులు కొత్త లెక్కలో కలవక నష్టం వాటిల్లవచ్చు. ఎన్ని రోజుల చందా జమ అయిందో ఈఎస్‌ఐ పోర్టల్‌లో చూసుకునే వీలుంది. సెప్టెంబరు, మార్చి నెలలు ముగియక ముందే ఆ సంఖ్యను సరిచూసుకోవడం మంచిది. కాంట్రాక్టర్ చందా కట్టకపోతే, ముందుగా చెల్లించి తరువాత అతని నుంచి రాబట్టుకోవలసిన బాధ్యతను చట్టం ప్రధాన యజమానిపైనే ఉంచింది. ఈ సంగతి చాలామంది కార్మికులకు తెలియదు. తెలియజేయవలసిన బాధ్యత కార్మిక సంఘాలదీ, కార్మిక శాఖదీ.

పనిగంటలను యజమాని నిర్ణయిస్తాడు, మార్కెట్ నిర్ణయిస్తుంది, ఇప్పుడు కొత్త కోడ్‌లు మరింత వెసులుబాటుతో నిర్ణయించనిస్తున్నాయి. కార్మికుడి చేతిలో ఉన్నది చాలా తక్కువ. తన చేతిలో లేని కొలమానంతో అతని చికిత్సను ముడిపెట్టినంతకాలం, పని తగ్గిన నెలలోనే వైద్య భద్రత కూడా తగ్గుతుంది. ఆదాయం తగ్గి, మందులు కొనే శక్తి సన్నగిల్లేది కూడా ఆ నెలలోనే. పనివేళలపై ప్రభుత్వాలు ఇచ్చే ప్రతి కొత్త ఉత్తర్వుతో పాటు, దాని ప్రభావం వైద్య అర్హతపై ఎలా ఉంటుందో కూడా ప్రకటించడం తప్పనిసరి చేయాలి. అప్పుడే పూరీ గేట్‌లోనైనా, ఒంటారియోలోనైనా, షిఫ్టు మారిందన్న వార్త విన్న కార్మికుడు ముందుగా తన ఆసుపత్రి కార్డు గురించి కలతపడే అవసరం తప్పుతుంది.